సీటుకు పేదలం, ఫీజుకు ధనవంతులమా?

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

విజయనగరం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని నమస్కరించి రాస్తున్న విన్నపం.

మా నాన్న రైసు మిల్లులో గుమస్తా. నెలకు 23 వేల జీతం, ఏడాదికి 2 లక్షల 76 వేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. పైనున్న ఆ 26 వేల కోసం ఏటా 60 వేల పైచిలుకు ఫీజు మేమే కట్టుకుంటున్నాం. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం వెళ్తే అక్కడ ఒకాయన జాలిపడి, "జీతం కాస్త తగ్గించి రాయించుకు రాకపోయారా" అన్నారు. నాన్న వినిపించుకోలేదు. అలా రాయించుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఆ రెండున్నర లక్షలు 2019లో పెట్టిన హద్దు. ఆ తర్వాత బస్సు ఫీజు పెరిగింది, బియ్యం ధర పెరిగింది, అది మాత్రం కదల్లేదు. నాకు సీటొచ్చింది ఈడబ్ల్యూఎస్ కోటాలో, అంటే వేరే రిజర్వేషన్ లేని పేద కుటుంబాల కోటాలో. దానికి ఆదాయ హద్దు ఏడాదికి 8 లక్షలు. కౌన్సెలింగ్ రోజున పేదవాళ్లం, ఫీజు కట్టే రోజున ఉన్నవాళ్లమా సార్?

కేంద్రం స్కాలర్‌షిప్పులు లేకపోలేదు. ఇంటర్ బోర్డులో 80వ పర్సంటైల్ దాటి, అంటే నూటికి ఎనభై మంది కంటే ముందుండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే, ఎంపికైతే డిగ్రీ మొదటి మూడేళ్లూ ఏటా 12 వేలు వస్తాయి. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్పు ఇంకా మేలు. 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లలో, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల వరకు, ఎంపికైతే ఏడాదికి 50 వేలు. కానీ ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టాలి. ఆ మాట నాకు చెప్పింది కాలేజీ కాదు, కాలేజీ బస్సులో పక్కన కూర్చునే అమ్మాయి. అప్పటికి నేను రెండో ఏడాది. ఫీజు బకాయిల నోటీసు మాత్రం మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఎప్పుడూ తప్పలేదు!

రెండున్నర లక్షల దగ్గర గోడ కట్టే బదులు మెట్లు పెట్టండి. నాలుగున్నర లక్షల వరకు సగం ఫీజు, 8 లక్షల వరకు పావు వంతు ప్రభుత్వం భరించాలి. ఖజానా ఒప్పుకోదంటారేమో. అయితే పెద్దగా ఖర్చులేని పని ఒకటుంది. ఇంటర్ సెకండియర్ హాల్‌టికెట్‌తో పాటు ఒక కాగితం ఇప్పించండి. ఏ స్కాలర్‌షిప్పుకు ఎంత ఆదాయం లోపుండాలి, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఎప్పుడు అప్లై చెయ్యాలి, ఏ పత్రాలు కావాలి, అంతే. పిల్లలు గడువులోగా పెట్టినా కాలేజీ ఆన్‌లైన్‌లో వెరిఫై చెయ్యకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. ఆ పని చూసే నోడల్ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద రాయించండి. గడువు దాటితే జవాబు చెప్పాల్సింది ఆయనే అని కూడా చెప్పండి.

మా చెల్లి ఇప్పుడు సెకండియర్ ఎంపీసీ. ఆ కాగితం ఈసారి హాల్‌టికెట్లతోనే ఇప్పిస్తే వాళ్ల బ్యాచ్‌కు అందుతుంది.

ఇట్లు,
ఒక బీటెక్ విద్యార్థిని,
విజయనగరం