అమ్మ కామెర్లకు పసరు మందు వద్దు, నాన్నగారూ

బర్మింగ్‌హామ్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

నిన్న వీడియోలో అమ్మను కిటికీ వెలుగులోకి రమ్మని కళ్లు చూశాను. తెల్లగుడ్డు పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది. మూత్రం కషాయం రంగులో వస్తోందని, విరోచనం సున్నం కలిపినట్టు పాలిపోయిందని, ఒళ్లంతా దురదతో రాత్రుళ్లు నిద్ర లేదని అమ్మ చెప్పింది. ఇవన్నీ కాలేయంలో తయారైన పైత్యరసం పేగులోకి దిగకుండా వెనక్కి తన్ని రక్తంలో కలుస్తోందనడానికి గుర్తులు. కంట్లో పసరు పోసినా, చేతికి వాత పెట్టినా ఆ రసం దారికి అడ్డుపడిన రాయి కదలదు. పెద్దమ్మ ఎంత చెప్పినా దయచేసి ఆ దారికి వెళ్లకండి.

మన ఉద్దానంలో రాయి అనగానే అందరికీ కిడ్నీయే గుర్తుకొస్తుంది. నీళ్లు ఎక్కువ తాగితే పడిపోతుందని మీరన్నదీ అందుకేనని నాకు తెలుసు. ఇది ఆ రాయి కాదు. పైత్యరసం నిలవుండే సంచి గాల్‌బ్లాడర్‌లో పుట్టిన రాయి జారి, ఆ రసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళంలోకి వచ్చి, పేగులో కలిసే సన్నని మూతి దగ్గర ఇరుక్కుంటుంది. భోజనం తరువాత కడుపు పైభాగంలో మొదలై వీపు వరకూ పాకిన నొప్పిని అక్కడ గ్యాస్ అనుకుని నెలరోజులు మాత్రలిచ్చారంటే నాకు చాలా బాధగా ఉంది.

మీరు పంపిన స్కానింగ్ కాగితంలో గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని, పిత్తనాళం 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉందని, అందులో రాయి కనిపించలేదని రాశారు. మామూలుగా అది 6 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. నాళం కింది చివరను పేగులోని గాలి కప్పేస్తుంది కాబట్టి మామూలు స్కానింగ్‌కు అక్కడి రాయి తరచుగా దొరకదు. అందుకే విశాఖపట్నంలో ఎంఆర్‌సీపీ, అంటే పిత్తనాళాన్ని చూపే ఎంఆర్‌ఐ స్కానింగ్, తీయించమంటున్నాను. దానికి సూదితో ఎక్కించే రంగు మందు అక్కరలేదు కాబట్టి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం ఎక్కువున్న అమ్మకు కిడ్నీల భయమూ ఉండదు. దానితోపాటు కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్‌కు, రక్తం గడ్డకట్టే తీరుకు పరీక్షలు చేయించండి.

రాయి ఉందని తేలితే ఈఆర్‌సీపీ చేస్తారు. నేను పనిచేసే ఎండోస్కోపీ గదిలో వారానికి నాలుగైదు చూస్తాను. మత్తు ఇచ్చి, నోటి గుండా గొట్టాన్ని చిన్నపేగు వరకు పంపి, పిత్తనాళపు మూతిని కొద్దిగా కోసి, బెలూన్‌తోనో చిన్న తీగబుట్టతోనో రాయిని లాగుతారు. మొన్న ఒక పెద్దావిడకు శనగ గింజంత ముదురు గోధుమ రంగు రాయి పేగులోకి జారగానే, దాని వెనుక ఆకుపచ్చని పైత్యరసం, చీము కలిసి బుసబుసమని దూకింది. ఎన్ని రోజులు ఆగిందో అదంతా అనుకున్నాను. అమ్మే గుర్తుకొచ్చింది.

ప్రమాదం లేదని చెప్పను. ఈ పని తరువాత నూటికి మూడు నుంచి పది మందికి క్లోమం (ప్యాంక్రియాస్) వాస్తుంది. ఎక్కువమందికి అది కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. అలా వాచే ప్రమాదాన్ని తగ్గించేందుకు మలద్వారంలో పెట్టే మందు ఇస్తారా అని డాక్టరుగారిని అడగండి. ఆ రాత్రి కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకోకుండా వెంటనే నర్సును పిలవండి. అమ్మ వేసుకునే రక్తం పలచబడే మాత్ర సంగతి ముందే చెప్పాలి. మీ అంతట మీరు ఆపవద్దు.

కామెర్లు తగ్గాయి కదా అని తిరిగి వచ్చేయకండి. గాల్‌బ్లాడర్ అలాగే ఉంటే అందులోని రాళ్లు మళ్లీ జారతాయి. వీలైతే ఆ వారంలోనే లాపరోస్కోపీతో దాన్ని తీసివేయించడం గురించి మాట్లాడండి.

ఈలోగా చలితో వణుకుతూ జ్వరం వచ్చినా, అమ్మ మాట తడబడినా నాళంలో చీము పట్టినట్టే అనుకోండి. అప్పుడు తెల్లవారేవరకు ఆగవద్దు, జ్వరం మాత్ర వేసి చూడవద్దు. సోంపేటలో రైలు కోసం ఎదురుచూడకుండా కారు కట్టించుకుని నేరుగా విశాఖపట్నం వెళ్లండి. డబ్బు తమ్ముడి ఖాతాలో వేశాను. పాత స్కానింగ్ కాగితాలు, మాత్రల అట్టలు అన్నీ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి అమ్మ మంచం దగ్గరే ఉంచండి.

మీ కూతురు