అడగకుండానే వచ్చి సాయం చేసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

అల్యూమినియం మీద టిగ్ వెల్డింగ్‌ను (టంగ్‌స్టన్ కడ్డీ మొన దగ్గర పుట్టే విద్యుత్ మంటతో లోహాన్ని కరిగించి అతికే పద్ధతి) సరదాగా నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు వారాలైనా నా చేతిలో ఒక్క అతుకూ కుదరలేదు. లోహం రంగైనా మారకుండానే ఉన్నట్టుండి కరిగి జారిపోయేది, లేదా నల్లటి మసి పట్టి మొండికేసేది. ఇక యంత్రాన్ని అమ్మేద్దామని అనుకున్న రోజున, అదే వర్క్‌షాప్‌లో పక్క బల్ల దగ్గరున్న ఒక పెద్దాయన, నేను అడగకుండానే, తన పని ఆపి వచ్చారు.

అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుందనీ, దాని మీది ఆక్సైడ్ పొరకు మాత్రం 2,000 డిగ్రీలకు పైగా వేడి కావాలనీ, ఏసీ కరెంటు ఆ పొరను కొంత తొలగించినా ముందుగా గీకడం తప్పదనీ చెప్పి, తన స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌ను నా చేతిలో పెట్టారు. కరిగిన లోహంలో నేను ముంచి పాడుచేసిన టంగ్‌స్టన్ మొనను (అది ఎన్నోసారో లెక్కపెట్టడం అప్పటికే మానేశాను) ఆయనే కొత్తగా సానపట్టి బిగించారు.

ఆ తరువాత, వణుకుతున్న నా మణికట్టు కింద తన అరచేతిని ఆనించి, "కరిగినచోటు అద్దంలా మెరిసేదాకా ఆగండి, అప్పుడే అతుకు నింపే కడ్డీ తాకించండి" అన్నారు. నాలుగు వేళ్ల పొడవున, మసి లేకుండా అతుకు పడింది. నేను హెల్మెట్ ఎత్తేసరికి ఆయన తన బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. బ్రష్ తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకోండి, ఇనుము మీద మాత్రం వాడకండి" అన్నారు.

ఆ ఆనందంలో పేరైనా అడగలేకపోయిన ఆయనకు నా మనఃపూర్వక కృతజ్ఞతలు. ఆ బ్రష్ ఇంతవరకు ఇనుమును తాకలేదు.