1323 అంటే ఓరుగల్లు ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అమ్మాయి సోషల్ పరీక్షకి చదువుకుంటూ "1323, కాకతీయుల పతనం" అని బట్టీ పడుతూ పడుతూ ఉన్నట్టుండి ఆగి, "అమ్మా, ఆ ఏడాది మిగతా ప్రపంచంలో ఏం జరిగింది?" అని అడిగింది. పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, వెతుక్కుని చదివాను, అందుకే ఈ ఉత్తరం.

ముందు మన సంగతి. ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, మొదటిసారి కోట పట్టలేక దేవగిరికి వెళ్లిపోయి మళ్లీ దండెత్తి వచ్చి ఓరుగల్లును తీసుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనంలో ఉంది. హనుమకొండలో పుట్టినదాన్ని, ఆ మాట ఎన్నిసార్లు చదివినా మనసు కలుక్కుమంటుంది.

సరిగ్గా ఆ ఏడాదే చైనాలోని నింగ్‌బో రేవు నుంచి జపాన్‌కి బయల్దేరిన ఓ సరుకుల ఓడ కొరియా తీరంలో మునిగిపోయింది. 1975లో ఒక జాలరి వలలో పింగాణీ సామాను పడేదాకా అది అక్కడుందని ఎవరికీ తెలియదు. తర్వాత ఏళ్ల తరబడి సముద్రం అడుగున వెతికితే 20 వేలకు పైగా పింగాణీ పాత్రలు, 28 టన్నుల నాణేలు, మిరియాలు కూడా దొరికాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ సరుకుకి కట్టిన చిన్న చిన్న చెక్క చీటీలు. మన లారీ పార్సిల్ మీద రాసినట్టే సరుకు ఎవరిదో, ఏ తేదీనో సిరాతో రాశారు, కొన్నింటి మీద క్యోటోలోని తోఫుకుజి ఆలయం పేరు ఉంది. తేదీలేమో అప్పటి చైనా చక్రవర్తి పాలన లెక్కలో వేశారు. ఆ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ వంశం కుర్రాడు, నిండా పాతికేళ్లు లేవు, సెప్టెంబరులో సొంత కొలువులోని వాళ్లే అతన్ని చంపేశారు. అంటే ఓడ బయల్దేరిన కొద్ది నెలలకే!

అటు యూరప్‌లో లిథువేనియా పాలకుడు గెడిమినాస్ వ్యాపారులు, చేతిపనివాళ్లు, రైతులు మా దేశానికి రండి అని జర్మన్ పట్టణాలకు ఉత్తరాలు రాశాడు. వాళ్ల రాజధాని విల్నియస్ పేరు మొదట కనిపించేది జనవరి 25 నాటి ఆ ఉత్తరంలోనే, అందుకే 2023లో ఆ ఊరు 700 ఏళ్ల పండగ చేసుకుంది.

ఒకచోట రాజధాని కూలుతుంటే ఇంకోచోట రాజధానికి మనుషుల్ని పిలుస్తున్నారు. ఇలా పక్కపక్కన పెట్టి చెబితే ఏ పిల్లకైనా తేదీ గుర్తుండదా? మన పుస్తకాలేమో ఒక వంశం అయ్యాక ఇంకో వంశం అంటూ పోతాయి. ఆదివారం పిల్లల పేజీలో వారానికి ఒక సంవత్సరం తీసుకుని, పక్కన చిన్న ప్రపంచ పటం వేసి ఇలాంటివి రాయించండి. మొదటి వారం 1323తోనే మొదలుపెట్టండి, ఆ చెక్క చీటీల ఫొటో మాత్రం తప్పకుండా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ