తాళం వేసిన బీరువాలో నవలలు

సంపాదకుడి గారికి,

నమస్కారం.

"ఇప్పుడు నవలలు ఎవరు చదువుతున్నారమ్మా, కొని ఏం లాభం?" అని మా శాఖా గ్రంథాలయంలో ఈమధ్య ఒకాయన అన్నారు. ఆ మాట సరికాదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. వేసవి నుంచి నేను వరసగా నవలలే చదువుతున్నాను. ఒకటీ రెండూ తప్ప అన్నీ కొనుక్కోవడమో, తెలిసినవాళ్లని అడిగి తెచ్చుకోవడమో అయింది. ఏటా ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం కాబట్టి అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

ముందు 'కొండపొలం' గురించి చెబుతాను. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ఈ నవలకి 2019లో తానా బహుమతి వచ్చింది, 2021లో సినిమా కూడా తీశారు. సినిమా చూశాం కదా, కథ తెలిసిపోయింది కదా అని నవల జోలికి పోనివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు తప్పకుండా చదవాలి. కరువు ముదిరి ఊళ్లో మేత, నీళ్లు కరువైనప్పుడు కాపర్లు గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. చదువైపోయినా ఉద్యోగం దొరకని ఒక కుర్రాడు తండ్రి వెంట అలా అడవికి పోతాడు. మందని కాసుకోవడం, నీళ్ల కోసం వెతుకులాట, పులి భయం, ఇవన్నీ గొర్రెలతో బతికినవాళ్లకి తెలిసినంత వివరంగా ఉన్నాయి. మా సీమ మాట చెవికి ఎంత ఇంపుగా ఉందో! నాకు నచ్చనిది ఒక్కటే, కుర్రాడి ఆలోచనలు అక్కడక్కడ ఉపన్యాసంలా సాగుతాయి. అడవి వాడికి ఏం నేర్పిందో మనకి కనబడుతూనే ఉంటుంది, మళ్లీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ లోపం వెతికినా దొరకని నవల డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. చాలా చిన్న పుస్తకం. ఒక ముసలివాడు, అతనికి పేరు కూడా ఉండదు. ఈనబోయే పంది సాయంత్రానికి ఇల్లు చేరకపోతే దాన్ని వెతుక్కుంటూ అడవికి పోతాడు. ఒక్క రాత్రి కథ. ఈనిన పంది పిల్లల్ని కాపాడుకోవాలన్న తెగింపులో, తనని పెంచిన మనిషినే దగ్గరికి రానివ్వదు. చుట్టూ నక్కలు పొంచి ఉంటాయి. చదువుతుంటే ఎవరి పక్షాన ఉండాలో తెలియదు. పందిది తప్పు కాదు, ముసలివాడిదీ కాదు, ఆ మాటకొస్తే నక్కలదీ తప్పు కాదు, వాటి ఆకలి వాటిది. అతని మీద జాలి పడమని రచయిత ఎక్కడా మనల్ని అడగరు. ఆ పని తెలిసిన మనిషిగా, గాలి వాసన బట్టి, చప్పుడు బట్టి అడవిని అంచనా వేసే మనిషిగా చూపిస్తారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేస్తూ ఇలాంటి నవలలు రాసిన మనిషి 2015లో పోయారు. మా ఊళ్లో డిగ్రీ చదివే పిల్లల్ని అడిగితే ఆయన పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' 2019లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకుంది. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ, పాలెగాళ్ల కాలం. మనుషులు మరీ ఎక్కువ, ఎవరెవరో గుర్తుపెట్టుకోవడం కష్టమైంది. అయినా కరువునీ, కులాన్నీ కింది మనుషుల వైపు నుంచి చెప్పిన తీరు కోసం ఓపిగ్గా చదవాల్సిన నవల అది.

పాతవాటిలో డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు' చదివాను. 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆమె రాసింది ఈ ఒక్క నవలే, 1961లో చిన్న వయసులోనే పోయారు. ఇందులో ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని కూడా పోషిస్తుంది. ఆ తండ్రి కూతురి జీతం మీద దర్జాగా బతికేస్తాడు. తనకి కావలసింది తను తీసుకోవాలనుకుంటుంది ఇందిర, అందుకోసం ఎదుటివాళ్లని నొప్పించడానికీ వెనకాడదు. ఆమెని చెడ్డమనిషిని చేసి చివర్లో శిక్షించడం రచయిత్రికి చాలా తేలిక. ఆ పని చేయలేదు. అలాగని వెనకేసుకునీ రాలేదు. ఇంటి బరువు మోస్తున్న ఆడపిల్ల స్వార్థంగా ఎందుకు తయారవుతుందో చూపించి, తీర్పు మనకి వదిలేశారు. ఈ నవలలోని ప్రకాశం లాంటి ధైర్యం చాలని మగపిల్లలు ఇవాళ పెళ్లిచూపుల్లో ఎంతమంది కనబడుతున్నారో ఆడపిల్లలున్న ఇళ్లలో అడిగితే చెబుతారు. ఇప్పుడొస్తున్న సీరియళ్లలో ఉద్యోగం చేసే ఆడదాన్ని చూపించే తీరుతో పోలిస్తే, ఆరు దశాబ్దాలు దాటిన ఈ పుస్తకమే ముందుంది.

ఇక అసలు సంగతి. మా గ్రంథాలయంలో పొద్దున తలుపు తీసేసరికే కుర్చీలన్నీ నిండిపోతాయి. అందరూ గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో, డీఎస్సీకో చదువుకునే పిల్లలు. మా అమ్మాయి కూడా అక్కడే కూర్చుంటుంది. వాళ్లకి చోటు, ఫ్యాను, కరెంటు అఫైర్స్ పుస్తకాలు ఇవ్వడం మంచి పనే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నవలల బీరువాకి మాత్రం తాళం. అడగ్గా అడగ్గా తీయించుకుని నవీన్ గారి 'అంపశయ్య' తెచ్చుకున్నాను. అట్ట లోపల అంటించిన చీటీ మీద చివరి ముద్ర 2009 నాటిది.

ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు, పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా, ఆ నవల. చేతిలో డబ్బుల్లేవు, పరీక్షల టెన్షన్, ఇంటి దగ్గర ఆశలు, ఎవరితోనూ చెప్పుకోలేని బెంగ. 1969లో వచ్చిన పుస్తకం. ఆ బీరువాకి నాలుగడుగుల దూరంలో కూర్చుని చదువుకుంటున్న పిల్లల కథే అది! నేను ఇంటికి తెచ్చాక మా అమ్మాయి రెండు రాత్రుల్లో పూర్తి చేసి, పక్క కుర్చీలో కూర్చునే స్నేహితురాలికి ఇచ్చింది. ఆ పిల్ల ఇంకొకరికి ఇచ్చిందట. గడువు దాటిందని నాకు ఫోనొచ్చింది కానీ నాకు సంతోషమే కలిగింది. చదివేవాళ్లు లేరనడం ఇందుకే తప్పంటున్నాను. పుస్తకం కంటికి కనబడితే కదా చదవడానికి!

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు వసూలు చేస్తారు. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకి సకాలంలో జమ చేయడం లేదన్న వార్తలు మీ పత్రికలోనే ఎన్నోసార్లు చూశాను. ఆ బకాయిలు కట్టించే పని ప్రభుత్వం వెంటనే చేయాలి. వచ్చిన డబ్బులో కొంత తప్పనిసరిగా నవలలకీ కథలకీ కేటాయించాలి, పాఠకులు అడిగిన పుస్తకాలు రాసుకోవడానికి ప్రతి శాఖలోనూ ఒక రిజిస్టరు పెట్టి దాన్ని చూసి కొనాలి. బీరువాల్లోవి బయటి ర్యాకుల్లోకి తేవాలి. ఒకటి రెండు పోతాయేమో, పోనివ్వండి.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మా దగ్గర దండలు, ఉపన్యాసాలు, పిల్లలకి వ్యాసరచన పోటీలు, అంతటితో సరి. ఈసారి ఒక్క సాయంత్రం ఏదో ఒక నవల పెట్టుకుని, చదివినవాళ్లంతా కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేయమని అధికారుల్ని కోరుతున్నాను. మా శాఖలో చేస్తామంటే 'అతడు అడవిని జయించాడు' ప్రతులు నేనూ, నా స్నేహితులూ కొని ఇస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అనంతపురం జిల్లా