వీలాన్‌లు విడదీసినంత మాత్రాన సరిపోదు

సంపాదకులకు,

కార్యాలయాల నెట్‌వర్క్ భద్రతపై మీ పత్రిక ప్రచురించిన వ్యాసంలో, ఒక్కో విభాగాన్ని ఒక్కో వీలాన్‌గా (అవే స్విచ్‌లపై నడిచే విడి నెట్‌వర్క్‌గా) విడదీస్తే ఒకరి కంప్యూటర్ల జోలికి మరొకరు వెళ్లే వీలుండదని రాశారు. ఇది సగం నిజమే. వీలాన్‌ల మధ్య రాకపోకలను లేయర్ 3 స్విచ్ (నెట్‌వర్క్‌ల మధ్య దారి చూపగల స్విచ్) నడిపే చోట, వద్దని చెప్పనంత వరకు అది ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, అటూ ఇటూ చేరవేస్తూనే ఉంటుంది కనుక, అతిథుల వైఫైలో ఉన్న ఫోను నుంచి జీతాల లెక్కలుండే సర్వర్ దాకా దారి తెరిచే ఉంటుంది. ఆ దారిని మూయాలంటే స్విచ్‌లో యాక్సెస్ కంట్రోల్ లిస్ట్, అంటే వేటిని అనుమతించాలో, వేటిని ఆపాలో చెప్పే జాబితా, రాయాలి.

రాయడం కష్టమేమీ కాదు గానీ, వరస తప్పితే రాసిందంతా వృథా. స్విచ్ ప్రతి ప్యాకెట్‌నూ పైనుంచి ఒక్కో పంక్తితో పోల్చి చూస్తుంది. మొదట సరిపోలిన పంక్తి ఏం చెబితే అది చేసి, కింది పంక్తులను పట్టించుకోదు. అతిథుల వీలాన్‌నే తీసుకుందాం. ఐపీ అడ్రసు కోసం యూడీపీ 67వ పోర్టుకు (ఇక్కడ పోర్టు అంటే ఒక్కో సేవకు కేటాయించిన సంఖ్య) వెళ్లే డీహెచ్‌సీపీ అభ్యర్థనకూ, వెబ్‌సైట్ల పేర్లకు ఐపీ అడ్రసులు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ 53వ పోర్టుకూ ముందుగా అనుమతి ఇవ్వాలి. ఆ తరువాత లోపలి నెట్‌వర్క్ మొత్తాన్ని నిషేధించాలి. అన్నిటికంటే కింద మిగతా వాటికి, అంటే ఇంటర్నెట్‌కు, అనుమతి రాయాలి. చివరి రెండూ తారుమారైతే ఆ నిషేధం ఉన్నా లేనట్టే. ఆ ఆఖరి అనుమతిని మరచిపోతే ఇంటర్నెట్టే ఆగిపోతుంది, ఎందుకంటే చాలా స్విచ్‌లలో జాబితా చివర కంటికి కనిపించని 'అన్నీ నిషిద్ధం' అనే పంక్తి ఉంటుంది.

సిస్కో కంపెనీ ఐఓఎస్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే స్విచ్‌లలో మరో చిక్కుంది. అక్కడ 0.0.0.255 అని వైల్డ్‌కార్డ్ మాస్క్ (అడ్రసులో 0 ఉన్న భాగాన్ని పోల్చమని, 255 ఉన్న భాగాన్ని వదిలేయమని చెప్పేది) రాయవలసిన చోట అలవాటు కొద్దీ 255.255.255.0 అని, దానికి తలకిందులైన సబ్‌నెట్ మాస్క్ రాస్తే, స్విచ్ తప్పని చెప్పకుండా స్వీకరించి, చివరి భాగం ఒక్కటే చూసి మిగతా మూడింటినీ వదిలేస్తుంది. జాబితాను ఏ దిశలో తగిలించాలన్న విషయంలోనూ వాదనలు తెగవు: వీలాన్ ఇంటర్‌ఫేస్‌పై (వీలాన్ స్విచ్‌తో కలిసే ద్వారంపై) 'ఇన్' అంటే ఆ వీలాన్‌లోని యంత్రాల నుంచి స్విచ్‌లోకి వచ్చేదని అర్థం, వీలాన్‌లోకి వెళ్లేదని కాదు. పైగా ఆ ఇంటర్‌ఫేస్‌కు తగిలించిన జాబితా ఒకే వీలాన్‌లోని రెండు కంప్యూటర్ల మధ్య రాకపోకలను ఆపలేదు. దానికి కేబుల్ తగిలించే స్విచ్ పోర్టు మీదో, వీలాన్ మొత్తం మీదో వేరే జాబితా పెట్టాలి.

కాబట్టి నెట్‌వర్క్ పనిని బయటివారికి అప్పగించే సంస్థలు, పని పూర్తయిందన్న మాటతో సరిపెట్టుకోకుండా, అతిథుల వైఫై నుంచి లోపలి సర్వర్‌కు స్వయంగా ప్రయత్నించి చూపమని అడగాలి. ఆ పరీక్షను పాత రకం ఐపీ అడ్రసైన ఐపీవీ4తో పాటు కొత్త రకమైన ఐపీవీ6 చిరునామాతోనూ చేయించాలి, ఎందుకంటే మొదటిదానికి రాసిన జాబితా రెండోదాన్ని తాకనైనా తాకదు. మీ వ్యాసంలో ఐపీవీ6 ఊసే లేదు. కొనసాగింపు రాసే ఉద్దేశముంటే దీన్ని చేర్చవలసిందిగా కోరుతున్నాను.

— ఒక నెట్‌వర్క్ ఇంజనీరు