స్ప్రే మిషన్ అమ్ముతారు, ప్యాకింగ్ మాత్రం దొరకదు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, రేణిగుంట చుట్టుపక్కల కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లలో రంగులు వేయడానికి ఎయిర్‌లెస్ స్ప్రే మిషన్ల (గాలి కలపకుండా పంపు ఒత్తిడితోనే రంగు చిమ్మేవి) వాడకం బాగా పెరిగింది. నాబోటి మేస్త్రీలు అప్పు చేసి మరీ వీటిని కొంటున్నారు. అయితే మిషన్ అమ్మిన దుకాణంలోనే దాని ప్యాకింగులు (రాడ్ చుట్టూ రంగు కారకుండా ఆపే సీళ్లు), వాల్వులు దొరకకపోవడం, ఏ భాగం ఎప్పుడు మార్చాలో చెప్పేవారు లేకపోవడం వల్ల పడుతున్న ఇబ్బందిని మీ పత్రిక ద్వారా తెలియజేయదలిచాను.

కిందటేడు బ్రహ్మోత్సవాలకు ముందు ఒక లాడ్జికి రంగులు వేస్తుండగా మా మిషన్‌లో ప్రెషర్ పడిపోయింది. గన్ మూసి ఉంచినా పంపు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. కొన్నచోటికి తీసుకెళితే, విప్పి చూడకుండానే పంపు మొత్తం పోయిందని, కొత్తది వేయించుకోవాలని చెప్పారు. ఆ పూట నలుగురు పనివాళ్లు ఖాళీగా కూర్చున్నారు. చివరకు బోరు మోటార్లు బాగుచేసే పెద్దాయన ఒకరు అడుగునున్న ఇన్‌లెట్ వాల్వ్ విప్పితే, స్టీలు గుండుకూ దాని సీటుకూ మధ్య కందిబద్దంత కూడా లేని ఎండిన పెయింటు పెచ్చు ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి కడిగేసరికి మిషన్ మామూలుగా నడిచింది. రంగును వడకట్టకుండా పెట్టడం మా తప్పే, ఒప్పుకుంటాను.

నిజానికి ఈ పంపులో అంతుచిక్కనిదేమీ లేదు. పిస్టన్ రాడ్ పైకీ కిందికీ ఆడుతూ, రెండు గుండ్ల వాల్వుల సాయంతో రంగును తోడి, సుమారు 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఒత్తిడితో గన్‌కు పంపుతుంది. గన్ మూసినప్పుడు రాడ్ ఎక్కడిదక్కడ నిలబడాలి. కిందికి దిగేటప్పుడు నిలవకుండా జారుతుంటే ఇన్‌లెట్ వాల్వును, పైకి లేచేటప్పుడు నిలవకపోతే పిస్టన్ ప్యాకింగునో దాని గుండునో అనుమానించాలి. రాడ్ మెడ దగ్గర రంగు ఊరుతుంటే పై ప్యాకింగు అరిగినట్టే. రాడ్ మీద గీతలు పడ్డాక ప్యాకింగు ఒక్కటే మార్చి లాభం లేదు, కొత్తదాన్ని కూడా ఆ గీతలు కోసేస్తాయి. రోజూ పనికి ముందు రాడ్ మెడలో నాలుగు చుక్కలు సీల్ ఆయిల్ వేసి, సాయంత్రం నీళ్ల పెయింటయితే నీళ్లతో, ఎనామిల్ అయితే టర్పెంటైన్‌తో తేటగా వచ్చేదాకా కడిగి, కొన్నాళ్లు పక్కన పెట్టేట్టయితే లోపల బోరునీరు మిగలకుండా టర్పెంటైన్ పట్టించి ఉంచితే ప్యాకింగులు చాలాకాలం వస్తాయి.

గన్ మూతికి బిగించే, రంగు చిమ్మే సన్న రంధ్రమున్న టిప్ సంగతీ అంతే. దాని మీద 517 అని ఉంటే, 5ను రెట్టింపు చేయగా వచ్చే 10 అంగుళాలు అడుగు దూరం నుంచి పడే పట్టీ వెడల్పు. 17 అంటే రంధ్రం అంగుళంలో వెయ్యింట 17 వంతులు. అరిగేకొద్దీ రంధ్రం పెద్దదై, పట్టీ సన్నబడి, రంగు ఎక్కువ ఖర్చవుతుంది. కొత్త టిప్ కొనకుండా డబ్బు మిగిలిందని మేము సంతోషిస్తుంటే ఇంటి ఓనరు గారి డబ్బాలు ఖాళీ అవుతుంటాయి.

మూసుకుపోయిన టిప్‌ను వేలితో తడిమే కుర్రాళ్లను చూశాను. ఆ ధార చర్మంలోకి దూరితే పైకి ముల్లు గుచ్చుకున్నంత గాయమే కనిపిస్తుంది గాని, లోపల రంగు పాకి వేలు తీసేయవలసి రావచ్చు. అలాంటప్పుడు నొప్పి లేదని ఇంటికి పోకుండా వెంటనే ఆపరేషన్ చేసే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ భాగాన్ని విప్పాలన్నా ముందు కరెంటు తీసి, పంపులోని ఒత్తిడిని వదిలే ప్రైమ్ వాల్వ్ తిప్పి, గన్‌ను బకెట్టులోకి నొక్కి ఒత్తిడి వదలాలి. ఈ మాట మిషన్ కొన్నరోజున నాకెవరూ చెప్పలేదు.

ఇప్పటికీ ప్యాకింగ్ సెట్టు కావాలంటే చెన్నై వెళ్లడమో, కొరియర్ కోసం ఎదురుచూడడమో తప్పడం లేదు. అమ్మే ప్రతి మోడలుకూ ప్యాకింగ్ సెట్టు, వాల్వు గుండు, ఫిల్టర్ జాలీ ఒక్కొక్కటైనా దుకాణంలో ఉంచాలని, భాగాల నంబర్లతో తెలుగులో ఒక కాగితం మిషన్‌తో పాటు ఇవ్వాలని తిరుపతి, చిత్తూరు డీలర్లను కోరుతున్నాను. మన ఐటీఐలలో ఎక్కడైనా రెండు రోజుల శిక్షణ పెడితే, విప్పి చూపించడానికి నా పాత పంపును నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక పెయింటింగ్ మేస్త్రీ,
కొర్లగుంట, తిరుపతి