పేరు పెట్టిన నాడే కేసు పెట్టండి

గౌరవనీయులైన తెలంగాణ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒక మనిషికి మంత్రగత్తె అని పేరు పెట్టడమే నేరం కావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మా నానమ్మ వాళ్ల అక్కని మేము పెద్దవ్వ అనేవాళ్లం. ఎవరితో మాట్లాడినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అన్నం మజ్జిగలో మెత్తగా పిసుక్కుని తినేది. వయసు మీదపడి పళ్లు ఊడాయేమో అనుకునేవాణ్ణి. కాదు. నిజాం జమానా చివరి రోజుల్లో, ఆమెకి ముప్పై ఏళ్లు కూడా నిండకముందే, పటేల్ కళ్లముందే పట్టకారుతో పీకారట. పళ్లు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం.

పెద్దవ్వకి ఏ మంత్రమూ రాదు. భర్త పోయిన మనిషి, వేరే కులం ఆయనని ఇష్టపడింది. ఆయనా ఇష్టపడ్డాడు. సంగతి బయటపడ్డాక ఆయన ఇంటివాళ్లు, "మావాడు అలాంటోడు కాదు, అదే మందు పెట్టింది" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన తప్పించుకున్నాడు. అదే నెలలో వాళ్లింట్లో ఒక పిల్లాడు జ్వరంతో పోయాడు. ఇంకేముంది, బాణామతి, అంటే చేతబడి, చేసింది అన్నారు. ఇద్దరి ప్రేమ, చివరికి ఒక్కరి నేరమైంది.

ఈ మాట నిజాం కాలంతోనే పోలేదండీ. పెద్దలకి నచ్చని ప్రేమ కనిపిస్తే "మందు పెట్టింది" అనడం ఇప్పటికీ వింటున్నాం.

మన పొరుగున ఛత్తీస్‌గఢ్ 2005లోనే చట్టం తెచ్చింది. ఒక మనిషిని "టోనహి", అంటే మంత్రగత్తె, అన్నందుకే అక్కడ మూడేళ్ల దాకా జైలు. దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని చంపిన 2013లోనే మహారాష్ట్ర, 2017లో కర్ణాటక మూఢనమ్మకాల దురాచారాల మీద చట్టాలు చేశాయి. మనకీ అలాంటి ప్రత్యేక చట్టం కావాలి. అందులో ఆ పేరు పెట్టడమే నేరం కావాలి.

ఇంకొకటి. కులాంతర జంటల రక్షణకి ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో, శక్తి వాహిని కేసులో చెప్పింది. బాణామతి ఫిర్యాదులు కూడా ఆ సెల్‌లోనే తీసుకునేలా ఉత్తర్వులివ్వండి. చాలాసార్లు రెండు గొడవల వెనకా ఉండేది అదే కులం పట్టింపు.

అమావాస్య నాడు పుట్టిన మాట పున్నమికల్లా పట్టకారు దాకా వచ్చిందని నానమ్మ చెప్పేది. ఆ పదిహేను రోజులూ ఊరందరికీ తెలుసు. పెద్దవ్వకీ తెలుసు. పోయి చెప్పుకోవడానికి ఆమెకి ఒక్క గడప లేదు. ఇవాళ ఏ ఊళ్లోనైనా ఒక ఆడమనిషి స్టేషన్‌కి వచ్చి "నాకు ఆ పేరు పెట్టారు సార్" అంటే, "ఏమైనా చేశారా?" అని అడిగి పంపెయ్యకుండా, అప్పటికప్పుడే ఎఫ్ఐఆర్ రాసేలా చూడండి.

ఇట్లు,
పెద్దవ్వ మనవడు